చప్పట కొట్టేదాకా

నలభై ఏళ్ళపాటు రేపల్లెలో నేను ఒక మాట, ఒక చప్పట పెట్టుబడిగా బతికాను. మాట "కదలొద్దు". ఫోటో పడ్డాక అరచేతులు రెండూ ఒకసారి గట్టిగా తట్టేవాణ్ణి. ఆ చప్పట వినబడేదాకా మా శాలేము స్టూడియోలో ఎవరూ ఊపిరి పీల్చకూడదు. తహసీల్దారుగారైనా అంతే, నిజాంపట్నం నుంచి ఎండుచేపల వాసనతో వచ్చిన పెళ్ళికొడుకైనా అంతే. ఒకసారి ఒక కొత్తజంటను నిలబెట్టి, కదలొద్దని చెప్పి, చప్పట మరిచిపోయి టీ తాగడానికి వెళ్ళాను. అక్కడ కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చి చూస్తే వాళ్ళకు కొడుకు పుట్టాడు. వాడు కూడా ఇద్దరి మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఇలాంటివి చెప్పడం నాకు అలవాటు. వినేవాళ్ళు నవ్వుతుంటే మా ఫ్లోరెన్స్ చేస్తున్న పని మీదనుంచి తల ఎత్తకుండా, "కొడుకు కాదండీ, కూతురు. గౌను సర్దింది నేనేగా," అనేది. అబద్ధాలాడేవాళ్ళు ఊరికి వందమంది దొరుకుతారు. ఆ అబద్ధాన్ని శ్రద్ధగా సరిదిద్దే పెళ్ళాం నాకొక్కడికే దొరికింది.

మొన్న ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలవడానికి ముందు శనివారం ఆ ఫ్లోరెన్స్ ఇంట్లో కనబడలేదు. చర్చి, మార్కెట్టు, పాత స్టూడియో అన్నీ తిరిగి, చివరికి స్టేషనుకు పోతే తెనాలి బండిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒళ్ళో ఖాళీ పెరుగు గిన్నె. రేపల్లె ఆఖరి స్టేషను కాబట్టి బండి అరగంట ఆగే ఉంటుంది. ఆ అరగంటే నన్ను కాపాడింది.

సాయంత్రానికి మా అమ్మాయి బ్లెస్సీ బాపట్ల నుంచి దిగింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు. తల్లి కాళ్ళు కడిగి, ముల్లు తీసి, మందు రాసి, అప్పుడు నావైపు తిరిగింది.

"బండి కదిలుంటే ఏమయ్యేది నాన్నా?"

"ఏమవుతుందే? వేమూరులో దిగి, టిఫిన్ చేసి వచ్చేది."

"నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు."

నాకూ రావట్లేదు. కానీ ఆ సంగతి దానికెందుకు?

"అమ్మ మతిమరుపుకు తెనాలి డాక్టరమ్మ చెప్పింది గుర్తుందా?" అంది బ్లెస్సీ. "రోజుకో ఫోటో తియ్యి. పుస్తకంలో అంటించి, ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, కింద రాయి. రోజూ కూర్చోబెట్టి అమ్మకు చూపించు. నాకూ పంపు. ఈస్టరుదాకా చూస్తాను. బాగుంటే ఇక్కడే ఉండనీ. లేకపోతే బాపట్ల తీసుకుపోతాను."

"నన్ను?"

"నువ్వూ రా. వద్దన్నదెవరు?"

ఎవరూ అనలేదు. నా భయం వేరే. ఈ ఇంట్లో ఫ్లోరెన్స్‌కు వంటిల్లు ఎటో కాళ్ళకు తెలుసు. తలుపు గడియ చేతికి తెలుసు. కొత్త గోడల మధ్య పడేస్తే గడియ పోతుంది, వంటిల్లు పోతుంది. ఆ వరసలో తర్వాత పోయేది నేనే.

"ఈస్టరు నాటికి మీ అమ్మ చేత పాట పాడించి వీడియో పంపిస్తా చూడు," అన్నాను.

బుధవారం పొద్దున మొదటి ఫోటో. వసారాలో పేము కుర్చీ వేసి, ఫ్లోరెన్స్‌ను కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ ఎత్తాను. ఆవిడ నా చేతిలోదాన్ని చూసింది. కుర్చీ చేతుల్ని తడిమింది.

"ఎవరు పోయారండీ?" అంది.

నా చెయ్యి కిందికి దిగింది.

ఆవిడ తప్పు కాదు. మా రోజుల్లో చాలామందికి బతికుండగా ఫోటో ఉండేది కాదు. మనిషి పోయాక మాకు కబురొచ్చేది. బస్సెక్కి కొల్లిపర దాకా వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి. పోయినవాళ్ళను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండ్లు దోపేవాళ్ళం. వెనకాల ఇద్దరు మగవాళ్ళు దుప్పటి పట్టుకునేవారు. ఫ్లోరెన్స్ జుట్టు దువ్వి, పైట సర్దేది. నేను అలవాటు కొద్దీ "కదలొద్దు" అనేవాణ్ణి. ఫోటో పడ్డాక అలవాటు కొద్దీ చప్పట కొట్టేవాణ్ణి. అంతసేపూ బిగబట్టుకున్న ఇల్లు ఆ చప్పటతో ఒక్కసారి ఘొల్లుమనేది.

ఇంటికొచ్చాక మిగతా పని ఆవిడది. ప్రింటు మీద, మూసిన రెప్పల మీద, సన్నటి సున్నా నంబరు బ్రష్షుతో కళ్ళు వేసేది. కళ్ళు తెరిపించడం అనేవాళ్ళం దాన్ని. చివర్లో ఒక్కో కంటిపాపలో ఒక తెల్లచుక్క. ఆ చుక్క పడగానే పోయినమనిషి మనవైపు చూసేవాడు. అది చూడలేక నేను బయటికి పోయి బీడీ కాల్చేవాణ్ణి. ఆవిడ మాత్రం చుక్క పెట్టి, "లేచారు," అని ప్రింటు ఆరబెట్టేది.

ఇంటికి కెమెరా వచ్చిందంటే చావే వచ్చిందని ఆవిడ బుర్రలో ఎక్కడో ఇంకా ఉంది. మిగతావన్నీ జారిపోయి అది మిగిలింది.

"ఎవరూ పోలేదే. బ్లెస్సీకి పంపాలి. నవ్వు," అన్నాను.

నవ్వలేదు. బిగుసుకుపోయి కూర్చుంది. తీసి, చప్పట కొట్టాను. అప్పుడు ఊపిరి వదిలింది.

ఆ ఫోటోలో ఆవిడ చూపు చూస్తే బ్లెస్సీ మరుసటి బస్సుకే వచ్చేస్తుంది. అందుకని దాన్ని పంపలేదు. జుట్టు దువ్వి, సరికొత్త చీర కట్టి, చేతికి న్యూస్ పేపరిచ్చి ఇంకొకటి తీశాను. "పొద్దున్నే పేపరు చదువుతున్న మీ అమ్మ" అని రాసి పంపాను. బ్లెస్సీ నుంచి చేతులు జోడించిన బొమ్మ వచ్చింది.

అదీ మొదలు. తర్వాత రోజు, ఆరిన పొయ్యి ముందు గరిటె పట్టుకుని ఫ్లోరెన్స్. ఆ తర్వాత చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఫ్లోరెన్స్. ఆ ఈనెలు తీసింది నేను. కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే తిప్పి పెట్టి తీశాను. మొటిమలున్న పెళ్ళికూతుళ్ళ బుగ్గలు పెన్సిలుతో నున్నగా చేసి పెళ్ళిళ్ళు కుదిర్చిన చెయ్యి నాది. నా సొంత పెళ్ళాన్ని బాగుచేసి చూపించడం ఒక లెక్కా? నాకది తప్పుగా తోచలేదు. మంచి ఫోటో అంటే అదేనని బతికినవాణ్ణి మరి.

ఫోటో వెనకాల సంగతులు వేరు. అద్దంలో ఎవరో ముసలావిడ ఉందని అద్దానికి తువ్వాలు కప్పింది. స్నానానికి పిలిస్తే గోడకు అతుక్కుపోయింది. పక్కింటి పుష్పలత గోడ మీదుగా పచ్చడి ఇస్తే, తీసుకుని, పుష్పలత వెళ్ళగానే వణికిపోతూ, "ఆవిడ మన ఇంట్లోకి ఎందుకు చూస్తోంది?" అని అడిగింది. నేను మాత్రం మారలేదా? రోజుకు పదిసార్లు వీధి గడియ చూసేవాణ్ణి. బాత్రూములో ఉన్నా చెవి బయటే.

నాలుగో వారంలో తెనాలి వెళ్ళాం. డాక్టరమ్మ ఫోటోల పుస్తకం పేజీ పేజీ తిప్పింది.

"చాలా బాగున్నారే! వంట కూడా చేస్తున్నారా? బాబాయిగారూ, మీరు మందు కన్నా బాగా పనిచేస్తున్నారండి."

"మా వంశంలోనే ఉందండి. మా తాత తిట్టి కలరా తగ్గించేవాడు," అన్నాను.

డాక్టరమ్మ నవ్వి, ఫ్లోరెన్స్ వైపు వంగింది. "అమ్మా, ఈయనెవరు?"

ఫ్లోరెన్స్ నన్ను పైనుంచి కిందకు చూసింది. మర్యాదగా చిన్న నవ్వు నవ్వింది. "ఫోటోలు తీసే ఆయనండి. మంచాయనే."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. మొగుణ్ణి ఆటపట్టిస్తోందనుకుంది. నేనూ నవ్వాను.

తిరుగు బండిలో ఆవిడ ఎదురుగా కూర్చుని, వేమూరు దాటేదాకా ధైర్యం కూడగట్టుకుని, టీకి వెళ్ళి వచ్చేసరికి కొత్తజంటకు కొడుకు పుట్టిన కథ చెప్పాను. కొడుకు అన్న చోట ఆగాను. కూతురు అంటుందని చూశాను. ఆవిడ మొహాన్ని మెల్లగా దిగులు కమ్మింది.

"అయ్యో. అప్పటిదాకా ఆ పిల్లాడికి పాలెవరు పట్టారండీ?"

"ఊరికే అన్నానే. కథ."

"నిలబడే ఉన్నాడా? ఎవరూ కదలమనలేదా వాణ్ణి?" నా చొక్కా పట్టుకుంది. రేపల్లె వచ్చేదాకా వదల్లేదు. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర కథలు చెప్పడం మానేశాను. ఆవిడ నమ్ముతోంది. నన్ను నమ్మిన మనిషిని అదే మొదటిసారి చూడటం. నాకు భయమేసింది.

డాక్టరమ్మ అన్న మాట మాత్రం బ్లెస్సీకి చెప్పాను. "చాలా బాగున్నారంది." అబద్ధం కాదుగా?

మట్టల ఆదివారం వెళ్ళిన బుధవారం. ఈస్టరుకు ఇంకా నాలుగు రోజులు. ఆ నాలుగు దాటిస్తే చాలు. పెరట్లో మునగచెట్టు నీడన కుర్చీ వేసి, ఫ్లోరెన్స్‌ను కూర్చోబెట్టి, ఒళ్ళో చేటలో మల్లెమొగ్గలు పోశాను. దండ కడుతున్నట్టు ఫోటో. పది గంటలయింది. "కదలొద్దు," అన్నాను. తీశాను. ఇంకొకటి తీద్దామనుకుంటుంటే చేతిలో ఫోను మోగింది. బ్లెస్సీ.

సిగ్నలు పెరట్లో సరిగా రాదు. వసారాలోకి వచ్చాను.

"ఏం చేస్తోంది అమ్మ?"

"మల్లెలు కడుతోంది. నిన్న చూడాలి నువ్వు! మామిడికాయ పప్పు చేసి, వీధిలో పదిళ్ళకు పంచింది. పుష్పలత గిన్నె నాకేసి, ఆ గిన్నె ఇవ్వనని కూర్చుంది."

బ్లెస్సీ నవ్వింది. ఏడాదిగా దాని నవ్వు విన్లేదు నేను. చిన్నప్పుడు స్టూడియోలో బల్లకింద కూర్చుని నవ్విన నవ్వే. ఆ నవ్వు కోసం ఇంకొంచెం పొడిగించాను. గిన్నె కోసం పంచాయితీ పెట్టించాను. పాస్టరుగారిని పిలిపించాను. ఆయన తీర్పు చెప్పబోయి పప్పు వాసనకు వాక్యం మరిచిపోయాడు. బ్లెస్సీ, "చాలు నాన్నా, కడుపు నొప్పి," అంటోంది.

గోడ అవతల నుంచి పుష్పలత కేక వినబడింది. "అన్నయ్యగారూ! వదిన ఎండలో అలా కూర్చుందేంటండీ? పిలిస్తే పలకట్లేదు!"

"ఎవరో వచ్చారే, మళ్ళీ చేస్తా," అని ఫోను కట్టేశాను.

మునగనీడ ఎప్పుడో పక్కకు జరిగింది. కుర్చీ నడి ఎండలో ఉంది. ఫ్లోరెన్స్ నేను కూర్చోబెట్టినట్టే కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు చేట మీద. మొగ్గలు వాడి గోధుమరంగుకు తిరిగాయి. కళ్ళు మూసి ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి. గడ్డం కింద చెమట కూడా ఆరిపోయింది.

"ఫ్లోరెన్సూ."

భుజం మీద చెయ్యేశాను. కాలుతోంది. కానీ బండరాయి కూడా ఎండకు కాలుతుంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు. పుష్పలత గోడ మీదనుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

ఆవిడ పోలేదేమో, చప్పట కోసం చూస్తోందేమో అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. చేతులు ఎత్తాను. ఎత్తిన చేతులు కలవలేదు. ఎన్ని వసారాల్లో, ఎన్ని కుర్చీల ముందు కొట్టాను ఆ చప్పట! కొట్టిన ప్రతిచోటా ఏడుపు లేచింది. కుర్చీలో మనిషి మాత్రం లేవలేదు. ఇప్పుడు కొట్టాక ఈవిడ కూడా లేవకపోతే?

పుష్పలత ఏదో అరిచింది. నేను చప్పట కొట్టాను.

ఫ్లోరెన్స్ పెద్దగా ఊపిరి వదిలింది. కళ్ళు తెరిచింది. ఎండకు చికిలించి నన్ను చూసి, బొంగురు గొంతుతో, "బాగా పడిందాండీ?" అంది.

పుష్పలతా నేనూ మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టాం. తడిగుడ్డ, మజ్జిగ, విసనకర్ర. సాయంత్రానికి లేచి కూర్చుంది. ఫోను చూసుకున్నాను. బ్లెస్సీతో మాట్లాడింది నలభై రెండు నిమిషాలు.

ఆ రోజు దానికి చెప్పలేదు.

మరునాడు, మంచి శుక్రవారానికి ముందు రోజు, ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమని పుష్పలతకు చెప్పి, వారం ఫోటోలు ప్రింటు వేయించడానికి పాత స్టూడియోకు వెళ్ళాను. ఇప్పుడది ఫిన్నీ నడుపుతున్నాడు. నేను ప్రింట్ల మీద ఇంకుతో దిద్దించేవాణ్ణి కాబట్టి ఇంకు పట్టే గరుకు కాగితం మీదే ప్రింటు వేస్తాడు నాకు. అడగకుండానే.

"బాబాయ్, దీంట్లో పిన్ని కళ్ళు మూసుకుంది," అన్నాడు తెర చూపిస్తూ. మల్లెల ఫోటో. నేను "కదలొద్దు" అనగానే కళ్ళు మూసుకుందన్నమాట. ముందే మూసుకుంది. నేను చూసుకోలేదు. "తెరిపించనా? ఇప్పుడు ఒక్క నొక్కుడు బాబాయ్. నవ్వు కూడా పెట్టుకోవచ్చు."

"వద్దురా. ఉన్నదున్నట్టు తియ్యి."

ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ మాట నా నోటినుంచి విని ఫిన్నీ కూడా తలెత్తి చూశాడు.

ఇంటికొచ్చి ప్రింట్లు బల్లమీద పెట్టి, మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేసరికి ఫ్లోరెన్స్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. సొరుగు లాగి ఉంది. పదేళ్ళుగా ఎవరూ తాకని ఇంకు బుడ్డి, తెల్లరంగు, బ్రష్షు బయట ఉన్నాయి. గడ్డకట్టిన ఇంకులో రెండు నీటిచుక్కలు వేసి కలుపుతోంది. ముందు మల్లెల ఫోటో.

"ఈవిడెప్పుడు పోయిందండీ?" అంది.

నేను గుమ్మంలోనే ఆగాను.

"ఎవరి తల్లో పాపం. జుట్టన్నా దువ్వలేదు ఎవరూ." బ్రష్షు కొసను పెదాలతో తడిపి మొన తీసింది. "ఆరుబయట కూర్చోబెట్టారేంటి? మీరు చెప్పొద్దూ?"

అబద్ధం కోసం వెతికాను. ఎప్పుడూ నోట్లోనే ఉండేవి. ఒక్కటీ దొరకలేదు.

అన్నం ముద్ద నోటికి అందించలేని ఆ చెయ్యి, ప్రింటు మీదికి వంగాక, వణకడం మానేసింది. పై రెప్ప గీత. కింది రెప్ప గీత. మధ్యలో నలుపు. ఈసారి నేను బీడీకి బయటికి పోలేదు. చివర్లో తెల్లరంగు మొనకు అంటించుకుని, ఒక చుక్క, ఇంకో చుక్క పెట్టింది.

"లేచారు," అని ప్రింటు నా చేతిలో పెట్టింది.

ఫోటోలో కుర్చీలోంచి నా ఫ్లోరెన్స్ నావైపు చూస్తోంది. నన్ను గుర్తుపట్టిన చూపు. కొడుకు కాదండీ, కూతురు అనబోతున్న చూపు. ప్రింటు అవతల, బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ కూడా నన్ను చూస్తోంది. ఆ చూపులో నేను లేను.

ఈ ఫోటో ఒక్కటి పంపితే చాలు, ఈస్టరు దాటిపోతుంది. బ్లెస్సీకి ఏనాటికీ తెలియదు. అంత బాగా కుదిరింది.

ఫోను తీసి బ్లెస్సీకి చేశాను. మొదటి పేపరు ఫోటో నుంచి చెప్పాను. గరిటె, చిక్కుడుకాయలు, తలకిందుల పుస్తకం, రైల్లో చొక్కా పట్టుకోవడం, ఎండ. అంతా విని, అది నర్సు గొంతుతో అడిగింది.

"నీళ్ళు తాగుతోందా? ఒంటేలు పోసిందా? జ్వరముందా?"

చెప్పాను.

"ఎంతసేపు ఉంది ఎండలో?"

"నీతో మాట్లాడినంతసేపు."

"బట్టలు సర్దు నాన్నా. మీ ఇద్దరివీ," అంది.

బాపట్లలో బ్లెస్సీది రెండు గదుల ఇల్లు. అనుకున్నట్టే ఫ్లోరెన్స్‌కు గడియ పోయింది, వంటిల్లు పోయింది. నా పేరు పోయింది. నన్ను ఫోటోలాయన అనే పిలుస్తుంది. పేము కుర్చీ తెచ్చుకోలేదు. ఫోటోలు మానేశాం. పుస్తకంలో ఆఖరి పేజీలో మల్లెల ఫోటో అంటించి ఉంది. కింద ఏమీ రాయలేదు.

కొత్త అలవాటు ఒకటి ఈస్టరు పొద్దున మొదలైంది. చర్చి కుర్రాళ్ళు పాడుకుంటూ వీధిలోంచి పోతున్నారు. బ్లెస్సీ డ్యూటీకి పోవడానికి తయారవుతోంది. ఫ్లోరెన్స్ మాత్రం లేవలేదు. వెల్లకిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే పలకలేదు, కదిపితే కదల్లేదు. బ్లెస్సీ నాడి పట్టుకుని చూసి, "ఉంది," అంది. గట్టిగా పిలిచింది. లాభం లేదు. అప్పుడు నేను చప్పట కొట్టాను. కళ్ళు తెరిచింది.

అప్పటినుంచి రోజూ అంతే. నేను ముందే లేస్తాను. పళ్ళు తోముకుంటాను, గడ్డం గీసుకుంటాను, పాలు కాస్తాను, కుండీకి నీళ్ళు పోస్తాను, పోసిన కుండీకే మళ్ళీ పోస్తాను. చేయదగ్గ పనులన్నీ అయిపోయాక మంచం పక్కన నిలబడి చేతులు ఎత్తుతాను. బ్లెస్సీ గుమ్మంలో చీపురు పట్టుకుని ఆగిపోతుంది. కొడతాను.

ఫ్లోరెన్స్ కళ్ళు తెరిచి, ముందు నన్ను, తర్వాత పైకప్పును చూస్తుంది.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదే," అంటాను.

ఇవాళ్టిదాకా అది అబద్ధం కాలేదు.